లడ్డు లేని గుండు

ఆ రోజు నా జాకెట్టు నామీద తిరగబడింది.

పురసవాక్కంలో పెద్ద పెద్ద చీరల అంగళ్ల వెనక ఒక సందు ఉంది. అందులో ఆడవాళ్ల జాకెట్లు కుడతాను నేను. టైలరక్క అంటే అందరికీ తెలుసు. పెళ్లిళ్ల కాలంలో కొలతలు తీసీ తీసీ నా టేపు వేడెక్కి పొగలు వచ్చిన రోజులున్నాయి. ఒకసారి నీళ్ల బిందెలో ముంచితే సుయ్యిమంది కూడా. నమ్మినవాళ్లు నమ్మండి.

అలాంటిదాన్ని, దీపావళికి నా కోసం ఒక జాకెట్టు కుట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ పక్క గుడ్డ లోపలికి లాక్కున్నట్టు కనబడింది. డాట్ మడత సరిగా పడలేదనుకుని విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ అంతే. గుడ్డను తిట్టాను, దారాన్ని తిట్టాను, మిషన్ను కూడా తిట్టాను. జాకెట్టు తీసేసి చూస్తే అప్పుడు తెలిసింది, లాక్కున్నది గుడ్డ కాదు, చర్మం. అక్కడ వేలు పెట్టి నొక్కితే చింతగింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. అంగడి నిండా పండగ జాకెట్లు వేలాడుతున్నాయి. అవన్నీ ఇచ్చేశాక చూసుకుందాంలే అనుకున్నాను.

చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. నేను ఒంటిదాన్ని. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి తలా ఒక కథ చెప్పాను. ఒకరికి పెళ్లికొడుకు పీటల మీద నుంచి లేచి రంగూన్ ఓడెక్కాడని, ఇంకొకరికి జాతకం చూసిన అయ్యవారే నన్ను చూసి మూర్ఛపోయాడని. అందరూ నవ్వుతారు. నవ్విన తర్వాత ఇంకేమీ అడగరు. ఆ పద్ధతి నాకు బాగా పనికొచ్చింది, ఈ జబ్బు వచ్చేదాకా.

తమ్ముడు మునిరత్నం మాధవరం పాల కాలనీలో ఉంటాడు. భార్య రాజేశ్వరి, ఒక్కతే కూతురు కవిత. వాళ్లకు కూడా చెప్పకుండానే పండగ అయ్యాక పెద్దాసుపత్రికి వెళ్లాను. లైన్లో నిలబడి నిలబడి లోపలికి పోయాను. డాక్టరమ్మ చూసిన వెంటనే మొహం మార్చింది. ఆమె తమిళావిడ, నాతో మాత్రం వచ్చీరాని తెలుగులోనే మాట్లాడేది.

"ఎందుకమ్మా ఇంత లేట్?"

"దీపావళి డాక్టరమ్మా. జాకెట్లు ఇవ్వకపోతే నన్నే టపాకాయ చేసి కాల్చేస్తారు."

ఆమె నవ్వలేదు. మామోగ్రామ్ రాసింది. సూది పెట్టి కొంచెం తీసే పరీక్ష ఒకటి, ఎఫ్ఎన్ఏసీ అంటారు, అదీ రాసింది. రిపోర్టులు వచ్చిన రోజు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"బ్రెస్ట్ క్యాన్సర్‌మా. స్టేజ్ టూ. మాస్టెక్టమీ చేయాల, రొమ్ము తీసేయాల. తర్వాత కీమో. కూడా ఎవరు వచ్చినారు?"

"బయట కూర్చుని ఉన్నారు," అన్నాను.

బయట బెంచీ మీద ఉన్నది నా గొడుగు, నా సంచి.

తర్వాత ఆమె నా తిండి అడిగింది. ఉన్నది చెప్పాను. పొద్దున కాఫీ, బన్ను. మధ్యాహ్నం మిషన్ మీద నుంచి లేవకుండా టీ కొట్టు బోండాలు. రాత్రి పరోటా పార్సెల్. కూరగాయలు వండేది ఎవరైనా ఇంటికొస్తేనే. మందు అలవాటుందా అని కూడా అడిగింది. తీర్థం తప్ప ఇంకేమీ తాగలేదని చెప్పాను.

"నడుస్తారా?"

"పెడలు తొక్కుతాను కదా. అంతా కలిపితే ఈపాటికి ఢిల్లీ దాటి హిమాలయాలు ఎక్కుంటాను."

"హిమాలయం ఎక్కినా కూర్చునే ఎక్కినారు కదమ్మా," అంది. అప్పుడు కొంచెం నవ్వింది.

నేను అడగాలనుకున్నదే అడిగాను. ఈ బోండాల వల్లే వచ్చిందా?

"ఒక్క దానివల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మీ తప్పు అని నేను చెప్పడం లేదు. కానీ ఎక్కువ బరువు, కూర్చునే పని, ఆకుకూర, పండు లేని తిండి, ఇవి రిస్క్ పెంచుతాయి. మీకు ఇప్పుడు ట్రీట్‌మెంట్ ముఖ్యం. ఈ తిండి సంగతి చిన్నవాళ్లకి ముఖ్యం. అలవాటు చిన్న వయసులోనే కుదరాల. ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారా?"

"తమ్ముడి కూతురు ఉంది."

"ఆ అమ్మాయికి చెప్పండి. దాచొద్దు."

అంత సులభంగా చెప్పిందావిడ.

ఆపరేషన్‌కి ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు కాబట్టి మాధవరం బస్సెక్కక తప్పలేదు. మునిరత్నం విని గోడ వైపు తిరిగాడు. రాజేశ్వరి మాత్రం ముందు తలుపు దగ్గరికేసి వచ్చింది.

"వదినా, నేను వచ్చి చూసుకుంటా. ఆస్పత్రిలో పండుకుంటా, రసం సోరు పెడతా. ఒక్క మాట మాత్రం వినాల. కవితకు తెలీకూడదు. దానికి సంబంధాలు చూస్తా ఉండాం. ఆ జబ్బు ఇంట్లో ఉండాదని తెలిస్తే ఒక్కరు వస్తారా?"

"డాక్టరమ్మ చెప్పమంటా ఉండాది, రాజీ."

"డాక్టరమ్మ కొడుకునిస్తాదా మనకు? కడుపులో గడ్డ అని చెప్తాం. నీకు కథలు చెప్పేది కష్టమా?"

కష్టం కాదు. అదే నా బాధ. నా జీవితంలో ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించినప్పుడు, నా వాళ్లే నన్ను కథ చెప్పమన్నారు.

రాజేశ్వరి అన్నమాట నిలబెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక వార్డులో నా మంచం కింద చాప వేసుకుని పడుకుంది. డ్రెయిన్ గొట్టంలో నీరు చూసి మొహం తిప్పుకునేది, కానీ కొలిచి నర్సుకు చెప్పేది. కవిత రెండుసార్లు వచ్చింది. నేను మెడదాకా దుప్పటి కప్పుకుని, నా కడుపులో నుంచి కొబ్బరికాయంత గడ్డ తీశారనీ, దాన్ని చూసి పెద్ద డాక్టరు దణ్ణం పెట్టాడనీ చెప్పాను. పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంటే కుట్లు లాగాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చాక మొదట చేసిన పని, నాకు నేను కొత్తగా కొలత తీసుకోవడం. ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు. జాకెట్టులో దూది పెట్టి చూశాను. తేలికై పైకి జరిగి భుజం దగ్గరికొచ్చేది. ఆఖరికి మెత్తటి మల్లు గుడ్డతో చిన్న సంచి కుట్టి, ఆవాలు నింపాను. ఆవాలకి బరువుంది, ఒదుగుతాయి. చెమటకి అవి మొలకెత్తి మెడ దగ్గర ఆకులు బయటికొచ్చాయనీ, గిల్లి తాలింపు వేసుకున్నాననీ డ్రెస్సింగ్ చేసే నర్సుకి చెప్పాను. ఆమె నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. ఆ కాలంలో నన్ను చూసి నవ్విన వాళ్లలో నిజం తెలిసినది ఆమె ఒక్కతే. అందుకే ఆ నవ్వు నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది.

కీమో మొదలైంది. ఎర్రటి మందు సెలైన్‌లో చుక్క చుక్కగా ఎక్కిస్తారు. ఇంటికొచ్చాక రెండు రోజులు లోకమంతా ఇనుప గరిటె నాకినట్టు ఉంటుంది. నోట్లో పుళ్లు. నీళ్లు కూడా మండుతాయి. రెండోసారి ఎక్కించేలోపే జుట్టు ఊడడం మొదలైంది. వాళ్లవీ వీళ్లవీ పట్టు జాకెట్ల మీద నా వెంట్రుకలు పడుతుంటే ఏరుకోలేక సందు చివర మంగలిని పిలిపించుకుని గుండు చేయించుకున్నాను.

మర్నాడు అంగడి తెరవడానికి పోతున్నాను. మూలమీద పూలమ్మే కుప్పమ్మ రెండు చేతులూ జోడించింది.

"తిరుపతి పోయొచ్చినావా టైలరక్కా? చెప్పనే లేదే! లడ్డు యాడ?"

నేను నోరు తెరిచాను. 'తిరుపతి కాదు కుప్పమ్మా' అనే మాట నాలిక దాకా వచ్చింది. కానీ ఆ తర్వాతి మాట కూడా చెప్పాల్సి వస్తుంది కదా.

"లడ్డు కొండ మీద కోతి ఎత్తుకుపోయింది," అన్నాను. "ఎత్తుకుపోయి, బాగలేదని ఒక ముక్క నా మీద విసిరికొట్టింది కూడా."

ఆ వారమంతా సందులో నాకు మర్యాదే మర్యాద. మన మద్రాసులో ఆడదానికి గుండు ఉందంటే ఇంకొక కారణం ఎవరికీ తోచదు. చెన్నై అని బోర్డులు మారుతున్న రోజులవి, బోర్డు మారినా మనుషులు వాళ్లే కదా. దర్శనం ఎట్టా అయింది, క్యూ ఎంతసేపు, ఎవరి కోసం మొక్కు? అందరూ అడిగారు. ఒకామె నా పక్కకొచ్చి నెత్తి తడిమి కళ్లకద్దుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. ఒళ్లంతా నొప్పులు, కాళ్లలో మంటలు, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. చుట్టూ అంతమంది. ఒక్కరూ 'ఎట్టా ఉండావు' అని అడగలేదు. దేవుడి దగ్గరికి పోయొచ్చిన మనిషి బాగుండక ఏమవుతుంది?

అసలు ఇబ్బంది మాధవరంలో జరిగింది. అత్త ఎవరి కోసం గుండు ఇచ్చిందని కవిత అడిగితే, రాజేశ్వరికి వెంటనే వేరే ఏమీ తోచక, "నీ కోసమేమే, నీకు మంచి సంబంధం రావాలని" అనేసింది. పిల్ల ఏడ్చేసింది. నా కోసం అత్త జుట్టిస్తే నేనేమిచ్చేది అని శనివారాలు ఒంటిపొద్దు మొదలుపెట్టింది.

శనివారం ఒంటిపొద్దు మన ఇళ్లలో ఎట్లా జరుగుతుందో మీకు తెలుసు. అన్నం ఒక్కటే ముట్టుకోరు. అన్నం లేదు కదా అని పొద్దున పూరీలు, మధ్యాహ్నం నెయ్యి తేలే ఉప్మా, సాయంత్రం వడలు, మధ్యలో కేసరి, నీరసం రాకుండా కాఫీలు. కవిత పురసవాక్కంలోనే ఒక చీరల అంగట్లో బిల్లు కౌంటర్‌లో పని చేసేది. పొద్దంతా కూర్చునే పని. శనివారం సాయంత్రం టిఫిన్ క్యారియర్‌లో వడలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చేది. పుళ్లతో నేను తినలేను. తిన్నట్టు నటించి, ఆ తర్వాత కాకులకు వేసేదాన్ని.

అప్పుడప్పుడూ జాకెట్టు బిగుతైందని తెచ్చిచ్చేది. పక్కలు విప్పి వదిలేదాన్ని. కొన్ని నెలలు పోయేసరికి లోపల వదలడానికి ఇంక గుడ్డ లేదు. ఒకరు లావుంటే నాకేం నష్టం, అందరికీ కుట్టేదాన్నే కదా. కానీ ఆ పిల్ల పక్కలు విప్పుతున్న ప్రతిసారీ డాక్టరమ్మ మాట చెవిలో పడేది. ఆ అమ్మాయికి చెప్పండి. దాచొద్దు.

మధ్యలో నా సంగతి కూడా సాఫీగా లేదు. ఒకసారి రక్తపరీక్షలో తెల్ల కణాలు పడిపోయాయి. "కౌంట్ లేదమ్మా. ఈసారి కీమో లేదు. పోయి తిని రండి," అన్నారు. ఎడమ చెయ్యి వాచింది, కత్తెర కింద గుడ్డ పట్టుకోలేకపోయాను. ఆస్పత్రిలో డైటీషియన్ అని ఒక చిన్నమ్మాయి ఉండేది. ఇప్పుడు పచ్చివి వద్దు, బాగా ఉడికిన పప్పు, గుడ్డు, ఇడ్లీ తినండి అని చెప్పింది. జబ్బులో తినే తిండి వేరు, జబ్బు రాకుండా తినే తిండి వేరు అని ఆ పిల్లే నాకు విడమరిచి చెప్పింది. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఎవరి మాటో విని కడుపు మాడ్చుకోవద్దని గట్టిగా అంది.

నేను చిక్కిపోయాను. చిక్కినకొద్దీ అంగట్లో నా పేరు పెరిగింది.

"ఎంత సన్నబడినావక్కా! ఏం డైట్?"

"పొద్దున ఒక మబ్బు ముక్క. మధ్యాహ్నం కాకి నీడ. రాత్రికి ఏమీ లేదు, దోమలే నన్ను తింటాయి."

అందరూ నవ్వి పోయారు. కవిత నవ్వలేదు. ఒక శనివారం క్యారియర్ లేకుండా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"వడలు యాడమే?"

"మానేసినానత్తా. వారమంతా ఒంటిపొద్దే ఇప్పుడు. పొద్దున కాఫీ, సాయంత్రం రెండు బిస్కెట్లు. నీ మాదిరి కావాల నాకు. వచ్చే వారం పిల్లోడు చూడొస్తా ఉండాడు. నువ్వెట్టా సన్నబడినావు? నిజం చెప్పు. కాకి నీడ అనొద్దు."

నిన్న కౌంటర్ దగ్గర కళ్లు తిరిగాయట. ఒక కస్టమరు పట్టుకున్నాడట. అది కూడా గొప్పగా చెప్పింది, డైట్ పని చేస్తోందనడానికి గుర్తులాగా.

కొలతలు తీసే మూలకి తెర ఉంటుంది. కవితని ఆ తెర వెనక్కి లాక్కుపోయాను.

"నేను తిరుపతి పోలేదు."

"మరి?"

"క్యాన్సర్. రొమ్ములో. కోసేసినారు. జుట్టు మందుకి పోయింది. ఒళ్లు కూడా మందుకే పోయింది."

పకపకా నవ్వింది. "అత్తా, కొబ్బరికాయ గడ్డ కథే బాగుండాది. ఇది బాగలేదు."

ఇన్నేళ్లూ నేను సంపాదించుకున్నది అదీ. మాటలతో ఇంక లాభం లేదని జాకెట్టు హుక్కులు తీసి ఆవాల సంచి దాని చేతిలో పెట్టాను. బరువు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఎడమ పక్క అడ్డంగా పోయిన కుట్టు, ఆ పైన సాఫుగా ఉన్న చర్మం. నేను ఎంతోమందిని ఆ మూలలో నిలబెట్టి చూశాను. నన్ను నిలబెట్టి చూసింది అదొక్కతే.

"నొప్పిగా ఉండిందా?" అంది.

అప్పటికి ఎన్ని నెలలైందో, ఆ మాట అడిగిన మనిషి అదే మొదలు. నాకు కథ ఏమీ తోచలేదు. "ఉండింది," అన్నాను. "ఇంకా ఉండాది."

సంచి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. "అమ్మకు తెలుసా? నాయనకు? నాకొక్కదానికే తెలీదా? నీ కోసం నేను వడలు తింటా ఉపవాసం ఉండాను!"

"అవునమే. నీ ఉపవాసానికి నా జాకెట్టు గుడ్డంతా అయిపోయింది."

ఏడుస్తూనే నవ్వింది. దానికి ఇడ్లీ తెప్పించి నా ఎదురుగా తినిపించాను.

తర్వాతి కీమోకి నాతో వచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ ఎప్పటిలాగే "కూడా ఎవరు వచ్చినారు" అంటే, బెంచీ వైపు చెయ్యి చూపించకుండా పక్కన నిలబడ్డ పిల్లని చూపించాను. కవితకి అడగాల్సినవి చాలా ఉన్నాయి.

"మంచిగా తింటే నాకు రాదు కదా డాక్టర్?"

"అట్లా రాసి ఇవ్వలేనమ్మా. మంచిగా తిన్నవాళ్లు కూడా ఈ వార్డులో ఉన్నారు. మంచిగా తింటే, నడిస్తే, బరువు సరిగా ఉంటే, వచ్చే అవకాశం కొంచెం తగ్గుతుంది. ఆ కొంచెం మాత్రం నీ చేతిలో ఉంది. దాన్ని వదలొద్దు."

"అత్తకొచ్చింది, నాకూ వస్తాదా?"

"వస్తుందని కాదు. నీ కుటుంబంలో ఒకరికి వచ్చిందని నువ్వు తెలుసుకుని ఉండాల. గట్టిగా ఏదైనా తగిలినా, చర్మం లాక్కున్నా వెంటనే రావాల. ఆకుకూర తింటున్నాను కదా, కరిగిపోతుంది అనుకోవద్దు. తిండికి గడ్డను కరిగించే శక్తి లేదు. ఇంకొకటి, ఆకలితో మాడడం డైట్ కాదు. మళ్లీ కళ్లు తిరిగాయని వింటే నీకే మంచం వేస్తాను."

బస్సులో వస్తూ కవిత డాక్టరమ్మ మాటలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. దిగేముందు, "మా అంగట్లో పిల్లోళ్లకు ఇవేమీ తెలీదత్తా," అంది. "మేమంతా మధ్యాహ్నం సమోసాతోనే గడిపేస్తాం. కూర్చునే ఉంటాం."

పెళ్లిచూపులకు వచ్చిన పిల్లోడికి అదే చెప్పేసింది, మా అత్తకి ఈ జబ్బు వచ్చింది, తెలిసి చేసుకుంటే చేసుకో అని. వాళ్లు తెలిసి వెళ్లిపోయారు. ఆ రోజు రాజేశ్వరి నా అంగడికి వచ్చి మెట్లు కూడా ఎక్కలేదు.

"చెప్పొద్దంటే చెప్పినావే వదినా. ఇన్ని అబద్ధాలు చెప్పే నోటికి ఇదొక్కటి దాచేది చేతకాలేదా?"

ఏమని చెప్పను? నా మంచం కింద చాప మీద పడుకున్న మనిషి. "రాజీ, దానికి కళ్లు తిరిగినాయి," అన్నాను. వినకుండానే వెళ్లిపోయింది.

ఇదంతా అయి కొన్నేళ్లు. రేడియేషన్ కూడా అయింది. మాత్ర వేసుకుంటున్నాను, చెకప్‌లకు పోతున్నాను. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు ఉంగరాలుగా. ఇంగ్లండు రాణి పంపించిందని చెప్తుంటాను. చెయ్యి ఇంకా వాస్తుంది. బోండాలు పూర్తిగా మానేశానని చెప్తే అది నా కథల్లో ఒకటవుతుంది. తగ్గించాను. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఒక ఆకుకూర, ఒక పప్పు, సాయంత్రం జామకాయో బొప్పాయో. గంటకోసారి మిషన్ మీద నుంచి లేచి సందు చివరి దాకా నడిచొస్తాను. వారంలో ఆరు రోజులు ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తింటాను. ఒక్క మనిషికి వండుకునేటప్పుడు ఎంత బద్ధకం వస్తుందో, ఒంటిగా ఉండేవాళ్లకే తెలుసు. ఆ బద్ధకంలోనే అంతకు ముందు అన్నేళ్లు పరోటాలు తిన్నాను.

శనివారం మాత్రం కవిత వస్తుంది. ఒంటిపొద్దు మానలేదు, అది దాని నమ్మకం. పూరీల బదులు కొర్రలు ఉడికించుకుంటుంది, పండ్లు తెచ్చుకుంటుంది. మాధవరం నుంచి వచ్చే బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచి వస్తుంది. కౌంటర్ పిల్లలు ఇప్పుడు మధ్యాహ్నం డబ్బాలు కలిపి తింటున్నారట. ఒకరు తోటకూర, ఒకరు సెనగలు, ఒకరు ముల్లంగి కూర. అందులో ఒక అమ్మాయి తనకేదో తగిలిందని కవితకు చెబితే, ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోయింది. మామూలు గడ్డే, భయం లేదన్నారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, నా పేరు ఆమెకు తెలియదు. ఆ రోజు మాత్రం మిషన్ కట్టేసి ఊరికే కూర్చున్నాను కాసేపు.

రాజేశ్వరి ఇప్పుడు నాతో మాట్లాడుతుంది, కానీ జాకెట్లు వేరే టైలరుకే ఇస్తోంది. భుజాల దగ్గర తేలిపోతుంటాయి. చూసి నోరు మూసుకుంటాను. కవితకి ఇంకా పెళ్లి కాలేదు. ఆ సంగతి ఎవరూ నా ఎదురుగా అనరు, నేను ఉన్నప్పుడు ఇంట్లో కొంచెం నిశ్శబ్దం ఉంటుంది అంతే. ఆ నిశ్శబ్దంలో కూర్చుని కాఫీ తాగి వచ్చేస్తాను.

ఇది చదివేవాళ్లలో ఈ జబ్బు దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో ఇరవై ఏళ్ల ఆడపిల్ల ఎవరుందో చూడండి. కూర్చోబెట్టి, జబ్బుకి వేరే పేరు పెట్టకుండా, దాని పేరుతోనే చెప్పండి. ఏం తినాలో, ఎందుకు నడవాలో, గట్టిగా తగిలితే ఎక్కడికి పోవాలో చెప్పండి. ఇంట్లోవాళ్లు అలుగుతారు. పిల్ల మొదట నమ్మకపోవచ్చు. నమ్మేదాకా చెప్పండి.